ప్రసంగం లేని కూటం: సంఘంలో జవాబుదారీ గుంపు ఎలా మొదలుపెట్టాలి?

"మా సంఘంలో బుధవారం గృహ కూటం జరుగుతుంది. నాలుగు పాటలు పాడతాం, వాక్యం వింటాం, ప్రార్థన మనవులు చెప్పుకుంటాం, టీ తాగి ఇంటికి వెళ్తాం. ఏళ్ల తరబడి పక్కపక్కనే కూర్చున్నా ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. దీన్ని ఎలా మార్చాలి?"

మాటలు వేరైనా నన్ను అడిగేవారి ప్రశ్న ఇదే. యవనస్థుల నాయకులు అడుగుతారు, స్త్రీల సమాజం నడిపే అమ్మగార్లు అడుగుతారు, ఈమధ్య పాస్టర్లు కూడా అడుగుతున్నారు.

నా జవాబు ముందే చెబుతాను. ఆ గృహ కూటాన్ని మార్చకండి. కొత్తవారు సంఘానికి పరిచయమయ్యేది దాని ద్వారానే, దాన్ని అలాగే ఉండనివ్వండి. దానితోపాటు మరొకటి, ఒకరి బతుకు గురించి ఒకరు అడిగి ఒకరికొకరు జవాబు చెప్పుకునే జవాబుదారీ గుంపు, మొదలుపెట్టండి. నలుగురైదుగురే ఉండాలి, తలుపు వేసుకుని కూర్చోవాలి, ఎవరూ ప్రసంగించకూడదు. ప్రసంగం మొదలైతే ఒకరు చెప్పేవారు, మిగతావారు వినేవారు అయిపోతారు. వినేవారిని ఎవరూ ఏమీ అడగరు. ఈ గుంపుకు ఉన్న పనల్లా అడగడమే.

ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కూడా కాదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ అనుచరులు తమ మందిరం మీద ఉన్న అప్పు తీర్చడానికి మనిషికి వారానికి ఒక పెన్నీ చొప్పున వసూలు చేయాలనుకున్నారు. సుమారు పన్నెండుమందికి ఒక నాయకుడిని పెట్టారు. పెన్నీ కోసం ఇల్లిల్లూ తిరిగినవారికి ఒకచోట భార్యతో గొడవపడుతున్న మనిషి, మరోచోట తాగి ఉన్న మనిషి కనబడ్డారు. అలా అప్పు వసూలు కాస్తా క్లాస్ మీటింగుగా, అంటే ఒకరి బతుకు గురించి ఒకరు అడిగే చిన్న గుంపుగా, మారింది. అంతకుముందే, 1738లో, వెస్లీ ఇంకా చిన్నవైన 'బ్యాండ్' గుంపులకు నియమాలు రాశాడు. నీ తప్పులు నీకు చెబితే నీకు ఇష్టమేనా అని చేరకముందే అడగాలన్నది వాటిలో ఒకటి. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన మన మెదక్ చర్చిని కట్టినవారు ఆ వెస్లియన్ మిషన్ వారే. కనుక "ఇది మన సంప్రదాయం కాదు" అనేవారితో వాదన పెట్టుకోనక్కర్లేదు, ఈ సంగతి చెప్పండి చాలు. వాక్యాధారం అడిగేవారికి యాకోబు 5:16, గలతీయులకు 6:1-2 చూపించండి.

కావలసినవి

- మీతో కలిపి నలుగురు లేదా ఐదుగురు. ఆరు దాటితే అందరి వంతూ రాదు.
- తలుపు వేసుకోగల గది. హాల్లో అత్తగారు టీవీ చూస్తుండగా పక్కన కూర్చుని ఎవరూ మనసు విప్పరు. అద్దె ఇళ్లలో గోడలు పలుచగా ఉంటే మందిరంలోని చిన్న గది, లేదా సాయంత్రం పూట డాబా మంచిది.
- వారానికి గంటన్నర చొప్పున పన్నెండు వారాలు.
- గోడ గడియారం. ఫోనులో చూసుకుందాం అనకండి, ఫోనులు పక్క గదిలో ఉండాలి.
- ఒక్కొక్కరికీ బైబిలు, చిన్న నోటు పుస్తకం.
- ఒక పేజీ ఒప్పందం. అందులో ఏం రాయాలో కింద చెబుతాను.

పాటల పుస్తకం, మైకు, కీబోర్డు అక్కర్లేదు. గుంపుకు పేరు కూడా వద్దు. నవ్వకండి, మొదటి వారమే పేరు పెట్టి ఫ్లెక్సీ కొట్టించినవారు ఉన్నారు. ఫ్లెక్సీలో ఫొటోలు పడిన నలుగురూ ఆ తర్వాత తమ బలహీనతల గురించి మాట్లాడగలరా?

1. మనుషులను జాగ్రత్తగా ఎంచుకోండి

మగవారు మగవారితో, ఆడవారు ఆడవారితో. ఇందులో మినహాయింపు లేదు. దంపతుల గుంపులు మంచివే, కానీ వాటి పని వేరు.

ఒకే గుంపులో ఉండకూడనివారు: అత్తాకోడళ్లు, బావా బావమరుదులు, యజమాని, అతని దగ్గర పనిచేసేవాడు, అప్పిచ్చినవాడు, పుచ్చుకున్నవాడు. వయసులో మరీ ఎడం కూడా వద్దు. పాతికేళ్ల కుర్రవాడు అరవై ఏళ్ల సంఘ పెద్ద ముందు "అవునండీ" తప్ప మరో మాట అనడు.

నోరు జారే మనిషిని గుర్తుపట్టడం తేలిక. ఆయన మీకు ఎప్పుడైనా మూడో మనిషి రహస్యం చెప్పారా? అయితే మీది కూడా మరొకరికి చెబుతారు. మనిషి ఎంత మంచివాడైనా, ఎంత బాగా ప్రార్థించినా, ఈ గుంపులోకి వద్దు.

ఇంకో మాట, కాస్త ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. మనకు దగ్గరివాళ్లను మనమే ఎంచుకుంటే గుంపు తెలియకుండానే ఒకే వాడ, ఒకే కులం గుంపుగా తయారవుతుంది. ఆదివారం ఒకే ప్రభువు బల్లలో పాలుపంచుకునేవారు శనివారం ఒకరి గడప ఒకరు తొక్కని సంఘాలు మన దగ్గర ఉన్నాయి. పేర్లు రాసుకున్నాక ఒకసారి ఈ కోణంలో కూడా చూసుకోండి.

హెచ్చరిక: ఇంట్లో తెలియకుండా ప్రభువును నమ్మిన చెల్లెళ్లు కొన్ని సంఘాల్లో ఉంటారు. వారిని చేర్చుకుంటే ఏ ఇంట్లో కలవాలి, ఏ సమయంలో కలవాలి అన్నది వారే నిర్ణయించాలి. ఫొటో తీయడం, వాట్సాప్‌లో పెట్టడం అస్సలు వద్దు.

2. ఒక్కొక్కరినీ విడిగా అడగండి

ఆదివారం ఆరాధనలో ప్రకటన చేయకండి. ప్రకటన చేస్తే పిలవాల్సినవారు రారు, ఎప్పుడూ వచ్చేవారే వస్తారు. ఒక్కొక్కరినీ కలిసి, ఇంచుమించు ఇలా అడగండి:

"అన్నా, నలుగురం పన్నెండు వారాలు కలుద్దామనుకుంటున్నాం. ప్రసంగం ఉండదు. ఒకరినొకరు సూటిగా అడుగుతాం, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటాం. నిన్ను కూడా అడుగుతారు. నీకు ఇష్టమేనా? ఇప్పుడే చెప్పనక్కర్లేదు, వారం ఆలోచించుకో."

"ప్రార్థన చేసి చెబుతాను" అని రెండు వారాలు కనబడకపోతే అది కాదనడమే. మళ్లీ అడగకండి, మొహమాటపెట్టకండి. మొహమాటానికి వచ్చిన ఒక్క మనిషి మిగతా నలుగురి నోరూ కట్టేస్తాడు.

3. పాస్టరు గారికి చెప్పండి

ఇది దాటవేయకండి. తెలియకుండా మొదలుపెడితే, "సంఘంలో సంఘం పెడుతున్నారు" అనే మాట నెలలోపే పుడుతుంది. ఎవరెవరు, ఎక్కడ, ఎన్నాళ్లు అనేవి ఆయనకు తెలియాలి. లోపల ఏం మాట్లాడుకున్నామో మాత్రం చెప్పబోమని కూడా అప్పుడే మర్యాదగా చెప్పండి. "అయ్యగారూ, ఎవరికైనా మీ సాయం అవసరమైతే వారే మీ దగ్గరికి వచ్చేలా చూస్తాం, మేం వచ్చి చెప్పం" అంటే చాలామంది ఒప్పుకుంటారు. ప్రతి వారం నివేదిక కావాలని పాస్టరు గారు పట్టుబడితే గుంపు మొదలుపెట్టకపోవడమే మంచిది. ఆయనను గుంపులో కూర్చోబెట్టడం కూడా కుదరదు. ఆయనకు తోటి పాస్టర్లతో ఇలాంటి గుంపు వేరే కావాలి, నన్నడిగితే అందరికంటే ఎక్కువగా ఆయనకే కావాలి.

4. మొదటి వారం: ఒప్పందం రాసుకోండి

మొదటి సమావేశంలో ఇది తప్ప మరే పనీ పెట్టుకోకండి. ఒక కాగితం మీద, అందరికీ అర్థమయ్యే తెలుగులో:

- ఇక్కడ విన్నది ఇక్కడే ఉంటుంది. భార్యకు, భర్తకు, పాస్టరు గారికి, ప్రార్థన గుంపుకు కూడా చెప్పం.
- సమయానికి వస్తాం. రాలేకపోతే ముందే ఫోను చేస్తాం.
- అడగకుండా సలహా ఇవ్వం.
- గుంపులో డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు.
- పన్నెండో వారంతో ఇది ముగుస్తుంది. కొనసాగించాలంటే మళ్లీ కొత్తగా ఒప్పుకోవాలి.

మొదటి షరతుకు నాలుగు మినహాయింపులు ఉన్నాయి. వాటిని కూడా అదే కాగితం మీద రాయండి, గట్టిగా చదవండి. పసివారి మీద లైంగిక వేధింపు, ఇంట్లో హింస, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన, మరొకరి ప్రాణానికి ముప్పు. ఈ నాలుగూ గుంపులో దాచేవి కావు. పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. పిల్లల కోసం 1098, స్త్రీల కోసం 181, మానసిక వేదనలో ఉన్నవారి కోసం టెలీ మానస్ 14416, ప్రమాదం ఎదురుగా ఉంటే 112. ఈ నెంబర్లు నోటు పుస్తకం మొదటి పేజీలోనే ఉండాలి. దెబ్బలు తిన్న చెల్లితో "ఓర్చుకో అమ్మా, ప్రార్థన చేద్దాం, ఆయన మారతాడు" అని చెప్పి తిరిగి అదే ఇంటికి పంపిన కూటాల గురించి విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ప్రార్థన చేయండి, ముందు ఆమెను క్షేమంగా ఉండే చోటికి చేర్చి చేయండి.

5. గంటన్నరను ఇలా పంచుకోండి

మొదటి పది నిమిషాలు: కుశలం, మంచినీళ్లు. ఒక చిన్న ప్రార్థన.

తర్వాత పదిహేను నిమిషాలు: ఒకే చిన్న వాక్యభాగం, పది వచనాలకు మించకుండా. ఒకరు చదువుతారు. వివరణ వద్దు. ఒక్కొక్కరూ ఒకే మాట చెబుతారు: "ఈ వారం నేను చేయాల్సింది ఇందులో ఏముంది?" ఎవరైనా మూడు నిమిషాలు దాటి మాట్లాడుతుంటే అది ప్రసంగం అవుతోందని గుర్తు.

తర్వాత యాభై నిమిషాలు: ఒక్కొక్కరికీ పది నుంచి పన్నెండు నిమిషాలు. ఇదే అసలు భాగం.

చివరి పదిహేను నిమిషాలు: ప్రార్థన. ఎవరి కోసం వారు కాకుండా, ప్రతి ఒక్కరూ తన ఎడమవైపు ఉన్నవారి కోసం, వారు ఇప్పుడే చెప్పిన సంగతి గురించి మాత్రమే ప్రార్థించాలి. దేశం కోసం, నాయకుల కోసం, సువార్త కోసం ఆదివారం ప్రార్థిస్తారు.

ఫలహారం సంగతి: టీ, బిస్కట్లు, అంతే. ఒక ఇంట్లో ఉప్మా పెడితే తర్వాతి ఇంట్లో పులిహోర, ఆ తర్వాతి ఇంట్లో బిర్యానీ. నాలుగో ఇల్లు పేదది అయితే ఆ అక్క గుంపు మానేస్తుంది, కారణం మాత్రం ఎవరికీ చెప్పదు.

6. ప్రశ్నలు తయారు చేసుకోండి

గుంపు నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే. "ఈ వారం ఎలా గడిచింది బ్రదర్?" అని అడిగితే "దేవుని కృప వల్ల బాగానే ఉన్నాం" అని జవాబు వస్తుంది. మన సంఘాల్లో ఆ మాట సంభాషణకు తాళం వేయడానికి పనికొస్తోంది. అందుకే, తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్నలు కావాలి.

లూకా 2:52లో యేసు ఎదుగుదల గురించి ఒకే వచనంలో నాలుగు వైపులు కనబడతాయి: జ్ఞానం, శరీరం, దేవునితో సంబంధం, మనుషులతో సంబంధం. ప్రశ్నలను ఈ నాలుగు వైపుల నుంచీ తీసుకోండి. ఆత్మీయత అంటే బైబిలు చదవడమూ ఉపవాసమూ మాత్రమే అనుకుంటే ఉపవాసం ఉంటూ భార్యతో మాట్లాడని మనిషికి కూడా మంచి మార్కులు పడిపోతాయి.

దేవునితో:
- ఈ వారం ఏయే రోజుల్లో బైబిలు చదివారు? చదవని రోజు ఆ సమయం దేనికి పోయింది?
- ఎవరూ చూడనప్పుడు ప్రార్థించారా, నలుగురిలో ఉన్నప్పుడేనా?

మనుషులతో:
- ఇంట్లో ఎవరితో మాటలు లేవు? ఎన్ని రోజులుగా?
- ఎవరికి క్షమాపణ బాకీ ఉన్నారు?
- ఎవరి గురించి, వారు లేనప్పుడు, వారి ముందు అనలేని మాట అన్నారు?

శరీరం:
- రోజుకు ఎన్ని గంటలు నిద్రపోయారు?
- షుగరు, బీపీ చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు? మందులు వేసుకుంటున్నారా?
- మద్యం, గుట్కా, సిగరెట్టు?

బుద్ధి, అలవాట్లు:
- రాత్రి పదకొండు దాటాక ఫోనులో ఏం చూశారు?
- పనిచేసే చోట ఏ అబద్ధం చెప్పారు? ఏ లెక్క మార్చారు?
- ఇంట్లో తెలియని అప్పు ఏదైనా ఉందా?

అందరికీ చివరగా: ఇప్పుడు చెప్పినదాంట్లో అబద్ధం ఏమైనా ఉందా?

అన్నీ ఒకేసారి అడగకండి. ఒక్కొక్కరూ తమకు గుచ్చుకునే ఐదు ప్రశ్నలు తామే ఎంచుకుని, నోటు పుస్తకంలో రాసుకుని, పక్కవారికి ఇవ్వాలి. నాలుగు వారాలు అవే అడగాలి. ప్రతివారం కొత్త ప్రశ్నలు అడిగితే ప్రతివారం కొత్త సాకు దొరుకుతుంది.

నడిపించే మనిషి మొదట తన వంతు చెప్పాలి. మీరు మీ ఫోను గురించి, మీ కోపం గురించి నిజం చెప్పకుండా ఎదుటివారిని అడిగితే అది విచారణ అవుతుంది.

7. ఒకరు నోరు విప్పినప్పుడు ఏం చేయాలి?

నాలుగో వారమో ఐదో వారమో ఇది జరుగుతుంది. ఒక తమ్ముడు నేల చూస్తూ, "క్రికెట్ పందేల్లో డబ్బు పోగొట్టుకున్నాను" అంటాడు. గదిలో వెంటనే మూడు తప్పులు జరిగే అవకాశం ఉంది. ఒకరు "పర్వాలేదు బ్రదర్, ప్రభువు క్షమిస్తాడు" అని ఆ గాయం మీద మూత పెడతారు. ఇంకొకరు "మా తోడల్లుడూ ఇంతే" అని తమ కథ ఎత్తుకుంటారు. మూడోవారు వెంటనే మోకరించి పెద్దగా ప్రార్థన మొదలుపెడతారు. మూడింటి ఫలితమూ ఒకటే, అతడు ఇంకేమీ చెప్పడు.

ఇలా చేయండి. ముందు అర నిమిషం ఊరుకోండి. తర్వాత "చెప్పినందుకు మంచిది తమ్ముడూ" అనండి. ఆ తర్వాత సూటిగా, నెమ్మదిగా అడగండి: "ఎంత పోయింది? ఎవరి దగ్గర తెచ్చావు? ఇంట్లో ఎవరికి తెలుసు?" జవాబులు వచ్చాక ఒకే ప్రశ్న: "వచ్చే వారంలోపు నువ్వు చేయగలిగిన ఒక్క పని ఏమిటి?" ఆ పందేల యాప్ ఫోనులోంచి తీసేయడం కావచ్చు, భార్యకు చెప్పడం కావచ్చు. ఏ పని అన్నది అతడే చెప్పాలి, మీరు రాసుకోవాలి. ప్రార్థన దాని తర్వాత.

వచ్చే వారం మొదటి ప్రశ్న అదే. చేయకపోతే తిట్టవద్దు. "ఏది అడ్డొచ్చింది?" అని అడిగి మళ్లీ ఒక పని, ఈసారి ఇంకా చిన్నది. మూడు వారాలు వరుసగా చేయలేకపోతే అది గుంపు స్థాయి దాటిన సమస్య. తాగుడు, మత్తు విషయాలకు 14446 ఉంది, ఉచితంగా సలహా ఇస్తారు. వ్యసనం ఉన్న మనిషికి వైద్యుడు, గుంపు రెండూ కావాలి. గుంపు ఉంది కదా అని వైద్యుడిని మానిపించకండి.

హెచ్చరిక: "విశ్వాసం ఉంటే మందులెందుకు" అనే మాట గుంపులో ఎవరి నోట వచ్చినా అక్కడికక్కడే ఆపండి. బీపీ, షుగరు, క్షయ, మానసిక వ్యాధుల మందులు డాక్టరు చెప్పకుండా మానకూడదు.

8. వారం మధ్యలో ఒక్క ఫోను

ఇద్దరిద్దరు జతగా ఉండి, బుధవారమో గురువారమో ఐదు నిమిషాలు మాట్లాడుకోండి. అడగాల్సింది ఒక్కటే: "ఆ పని చేశావా?" వాట్సాప్‌లో అయితే "అవును, కాదు" వరకే. పేర్లు, వివరాలు రాయకండి. ఫోను పిల్లల చేతుల్లో ఉంటుంది.

9. పన్నెండో వారం

ముగించండి. బాగా నడుస్తున్నా సరే, ముగించి, రెండు వారాలు విరామం ఇచ్చి, కొనసాగాలనుకునేవారితో మళ్లీ ఒప్పందం రాసుకోండి. బయటికి వెళ్లాలనుకునేవారికి పరువు పోకుండా వెళ్లే దారి ఇదొక్కటే. అంతం లేని గుంపుల నుంచి మనుషులు చెప్పకుండా జారుకుంటారు, తర్వాత ఆదివారం ఎదురుపడటానికి కూడా సిగ్గుపడతారు.

డబ్బు దగ్గర ఎందుకంత కఠినం?

ఒప్పందంలో ఎక్కువమంది అభ్యంతరం చెప్పేది ఈ షరతుకే. "అన్నదమ్ముల్లా ఉండి అవసరానికి ఆదుకోకపోతే ఎలా?" అంటారు. ఆదుకోవాలి, కానీ గుంపులోపల అప్పుగా కాదు. ఐదు వేలు చేబదులు పుచ్చుకున్న రోజు నుంచి ఆ మనిషి, ఇచ్చిన మనిషి ముందు నిజం చెప్పడు. పండక్కి కొత్త చొక్కా వేసుకున్నా సంజాయిషీ చెప్పుకుంటాడు. కొన్నాళ్లకు గుంపుకు రావడమే మానేస్తాడు, బాకీ అలాగే ఉంటుంది.

చీటీ ఇంకా ప్రమాదం. ఆడవారి గుంపుల్లో "ఎలాగూ ప్రతివారం కలుస్తున్నాం కదా, నెలకు వెయ్యి చొప్పున చీటీ వేసుకుందాం" అని ఎవరో ఒకరు అంటారు. మొదటి పాట ఎత్తినవారు తర్వాత కట్టకపోతే చీటీతోపాటు ప్రార్థన కూడా పోతుంది. గొలుసుకట్టు వ్యాపారాల సబ్బులు, పౌష్టిక పొడులు అమ్మడం, భూముల బేరాలు, బీమా పాలసీలు, అన్నీ ఇదే కోవ. బ్యాంకు అప్పుకు హామీ సంతకం అడిగినా అంతే. పూటపడటం గురించి సామెతలు 6:1 నుంచి ఐదు వచనాలు గుంపులో ఒకసారి చదవండి, వ్యాఖ్యానం అవసరం రాదు.

మరి నిజంగా ఇంట్లో బియ్యం లేకపోతే? రెండు దారులు. సంఘ పెద్దల దగ్గరున్న సహాయ నిధికి, ఆ మనిషి ఒప్పుకుంటేనే, తెలియజేయండి. లేదా మీరు ఇవ్వగలిగింది తిరిగి అడగనని మనసులో నిర్ణయించుకుని కానుకగా, ఎవరిచ్చారో తెలియకుండా పంపండి.

తరచూ జరిగే పొరపాట్లు

ప్రార్థన మనవి పేరుతో రహస్యం బయటికి పోవడం. అన్నిటికంటే ఎక్కువగా గుంపులను చంపేది ఇదే. "అక్కా, ఫలానా సిస్టర్ కోసం బాగా ప్రార్థించండి, వివరాలు అడగకండి, ఇంట్లో చాలా కష్టంగా ఉంది" అన్నా చాలు, సాయంత్రానికి వివరాలు తయారవుతాయి. రహస్యం బయటికి వెళ్లిందని తెలిస్తే ఆ వారం ప్రశ్నలు ఆపండి. ఎవరు చెప్పారో వారే, ఎవరిది చెప్పారో వారిని అందరి ముందు క్షమాపణ అడగాలి. రెండోసారి జరిగితే గుంపును రద్దు చేయండి. మూడో అవకాశం ఇచ్చి బాగుపడిన గుంపు నాకు తెలియదు.

నాయకుడు చిన్న పాస్టరు కావడం. పెళ్లి సంబంధం ఒప్పుకోవాలా, ఉద్యోగం మారాలా, స్థలం కొనాలా అన్నీ ఆయననే అడగడం మొదలవుతుంది. మొదట్లో అది గౌరవంలాగే ఉంటుంది. 1970ల్లో అమెరికాలో 'షెపర్డింగ్' ఉద్యమం ఇలాగే మంచి ఉద్దేశంతో మొదలై, పెద్దల అనుమతి లేనిదే ఇల్లు మారకూడదనే దాకా వెళ్లి, ఎన్నో కుటుంబాలను గాయపరిచింది. విరుగుడు తేలిక: నడిపే బాధ్యత వారానికి ఒకరు తీసుకోండి. నాయకుడి మీద కూడా అవే ప్రశ్నలు.

చిన్న పాపాలే చెప్పుకోవడం. "ఈ వారం రెండు రోజులు ప్రార్థన తప్పింది బ్రదర్." మూడు నెలలుగా అందరూ ఇదే చెబుతుంటే ఎవరూ ఏమీ చెప్పడం లేదని అర్థం. నడిపేవారు ముందుగా లోతుకు వెళ్తేనే మిగతావారు వెళ్తారు.

ఎదుటివారి పాపం ఒప్పుకోవడం. "నా కోసం ప్రార్థించండి, మా ఆయనకు కోపం ఎక్కువ." ఇది మీ సంగతి కాదు, ఆయనది. "ఆయన కోప్పడినప్పుడు నువ్వేం చేస్తున్నావు అక్కా?" అని తిప్పి అడగండి. అయితే ఆ జవాబులో దెబ్బల ప్రస్తావన వస్తే ఇక్కడ ఆగి, నాలుగో అడుగులోని మినహాయింపులకు వెళ్లండి.

పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది?

హాజరు లెక్కపెట్టకండి. టీ బాగుంటే హాజరు బాగానే ఉంటుంది. ఆరో వారంలో ఒక్కొక్కరికీ చిన్న చీటీ ఇచ్చి, పేరు రాయకుండా మూడింటికి జవాబు రాయమనండి: ఆదివారం సంఘంలో చెప్పలేని సంగతి ఇక్కడ చెప్పగలిగానా? ఇక్కడ అనుకున్న పని ఒక్కటైనా ఇంటి దగ్గర చేశానా? నేను చెప్పింది బయట ఎక్కడైనా వినబడిందా? మొదటి రెండింటికి సగానికిపైగా "లేదు" వస్తే ప్రశ్నలు మార్చాలి. మూడోదానికి ఒక్క "అవును" వచ్చినా ఆగిపోవాలి.

రెండో పరీక్ష ఇంట్లో. పన్నెండు వారాల తర్వాత మీ భార్యనో, భర్తనో, ఎదిగిన పిల్లలనో అడగండి: "నాలో ఏమైనా మారిందా?" వారికి గుంపులో ఏం మాట్లాడామో చెప్పనక్కర్లేదు. "ఏం మారలేదు గానీ శనివారం సాయంత్రం ఇంట్లో ఉండటం లేదు" అని జవాబు వస్తే దాన్ని కూడా నోటు పుస్తకంలో రాసుకుని గుంపులో చదవండి.

మూడోది: గుంపులో ఎవరైనా బయట ఒకరిని క్షమాపణ అడిగారా, దొంగ లెక్క సరిచేశారా, డాక్టరు దగ్గరికి వెళ్లారా? ఇలాంటి ఒక్కటి కూడా లేకపోతే మీది మంచి స్నేహ బృందం. అదీ మంచిదే, కానీ దాన్ని జవాబుదారీ గుంపు అనకండి.

మిగిలిన ప్రశ్నలు

ఇద్దరమే దొరికాం, చాలా? చాలు. గంటన్నర కాకుండా నలభై నిమిషాలు పెట్టుకోండి. నాలుగు వారాలకోసారి మూడోవారిని ఒకరిని పిలవండి. ఇద్దరే ఉంటే, మెల్లగా ఒకరి తప్పును ఒకరు కప్పిపుచ్చుకోవడం అలవాటవుతుంది.

రాత్రి షిఫ్టులు, అందరం కలవలేం. వీడియో కాల్ పెట్టుకోండి, కానీ మొదటి మూడు వారాలు ఎలాగైనా ఎదురెదురుగా కూర్చోండి. కాల్‌లో ఉన్నప్పుడు ఎవరూ ప్రయాణంలో ఉండకూడదు, రికార్డింగ్ వద్దు, వాయిస్ మెసేజ్‌లు అసలే వద్దు.

చదువు రానివారు ఉన్నారు. నోటు పుస్తకం లేకుండానే నడుస్తుంది. ఐదు ప్రశ్నలు వేళ్ల మీద లెక్కపెట్టుకునేలా నేర్పండి. చదువు లేని అక్కలు నోటితో చెప్పిన మాటను, చదువుకున్నవారు రాసుకున్నదానికంటే బాగా గుర్తుపెట్టుకుంటారు.

కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే అక్కలు అడుగుతుంటారు: మాకు సెలవే ఉండదు, శుక్రవారం ఆరాధనకు వెళ్లడమే గగనం, మేమెలా? మీకు ఇద్దరు చాలు, వారానికి ఇరవై నిమిషాల ఫోను చాలు. దేవునితో ఒకటి, శరీరం గురించి ఒకటి, ఇంటికి పంపే డబ్బు గురించి ఒకటి, మూడు ప్రశ్నలే పెట్టుకోండి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. గదిలో ఇంకెవరైనా ఉంటారు కాబట్టి, అడిగేవారు "అవును", "లేదు" అన్న జవాబులతోనే సరిపోయేలా ప్రశ్నను మలుచుకోవాలి: "ఈ వారం జ్వరం వచ్చిందా? డాక్టరుకు చూపించారా? నిన్ను ఎవరైనా కొట్టారా?" చివరి దానికి "అవును" వస్తే ఆ ఫోను పెట్టేయకుండా, అక్కడి భారత రాయబార కార్యాలయం నెంబరు ఆమె దగ్గర ఉందో లేదో అడగండి, లేకపోతే అంకెలు ఒక్కొక్కటిగా చెప్పి తిరిగి చెప్పించుకోండి.